శ్వాసకోశ అలర్జీలు – వైరస్ సంక్రమణలు: ఒక వైద్యభావన చారిత్రక పరిణామం

వ్యాససంగ్రహం

వైరస్ సంక్రమణలకూ, ఉబ్బసం, పుప్పొడి జలుబు వంటి శ్వాసకోశ అలర్జీలకూ ఉన్న సంబంధం వైద్యశాస్త్రంలో ఒక శతాబ్దానికి పైగా చర్చలో ఉంది. ఈ కాలంలో వైరస్‌ను ఒక దశలో అలర్జీని రెచ్చగొట్టేదిగా, మరొక దశలో దానికి మూలకారణంగా, ఇంకొక దశలో దాని నుండి కాపాడేదిగా భావించారు. ఈ మూడు భావనలు ఏ ఆధారాలపై నిలిచాయో, ఏ ఆధారాలతో సవరణకు గురయ్యాయో ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. ఏ వైరస్, ఏ వయసులో, ఎంతకాలం, ఎటువంటి దేహంలో నిలిచింది అన్న నాలుగు అంశాలను విడదీసి చూడనిదే ఈ సంబంధం బోధపడదనీ, దీర్ఘకాలిక సంక్రమణలపై జరిగిన పరిశోధన ఈ విషయాన్ని స్పష్టం చేసిందనీ నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: అలర్జీ, ఉబ్బసం, వైరస్, గుప్త సంక్రమణ, పరిశుభ్రత పరికల్పన, తట్టు, రోగనిరోధక వ్యవస్థ.

1. ఉపోద్ఘాతం

"పడిశం పది రోగాల పెట్టు" అన్న సామెత తెలుగువారికి సుపరిచితం. పడిశం ఒక్కటే అయినా అది పెట్టే బాధ పది రోగాలతో సమానమని దీని భావం. ఉబ్బసం ఉన్న పిల్లల ఇళ్ళలో ఈ సామెతకు మరింత బరువు ఉంటుంది. అక్కడ పడిశం రెండు రోజులు ముక్కు కారి తగ్గిపోయేది కాదు. అది రొమ్ములోకి దిగి ఆయాసంగా, పిల్లికూతలుగా మారి, తల్లిదండ్రులకు నిద్రలేని రాత్రులను మిగులుస్తుంది.

పడిశానికీ ఆయాసానికీ ఉన్న ఈ పొత్తును ప్రాచీనులు కూడా గమనించారు. చరకసంహిత చికిత్సాస్థానం తమకశ్వాసను వర్ణిస్తూ, దానితోపాటు పీనసను, అంటే పడిశాన్ని, పేర్కొంటుంది. మబ్బు పట్టినప్పుడు, చలిలో, తూర్పుగాలి వీచినప్పుడు ఆ వ్యాధి పెరుగుతుందని కూడా చెబుతుంది. అయితే రెండు విషయాలు కలిసి కనిపించడం వేరు, ఒకటి మరొకదానికి కారణం కావడం వేరు. పడిశం ఉబ్బసాన్ని తెస్తుందా? ఉబ్బసానికి లోనయ్యే దేహం పడిశాన్ని తట్టుకోలేకపోతుందా? చిన్ననాడు వచ్చిన కొన్ని సంక్రమణలు దేహాన్ని అలర్జీ నుండి కాపాడతాయా? ఆధునిక వైద్యశాస్త్రం ఈ మూడు ప్రశ్నలనూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు సాధనాలతో అడిగింది. ఒక్కొక్క కాలంలో లభించిన సమాధానం ఆనాటి సాధనాల పరిమితిని కూడా తనలో ఇముడ్చుకుంది.

2. అలర్జీ భావన ఆవిర్భావం

శ్వాసకోశ అలర్జీకి ఆధునిక వైద్యంలో తొలి స్పష్టమైన వర్ణన 1819 నాటిది. లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్ ఏటా వేసవిలో తనకు వచ్చే కళ్ళమంట, తుమ్ములు, ఆయాసాలను ఆ సంవత్సరం ఒక వైద్యసభ ముందు వివరించాడు. 1828లో మరికొందరు రోగుల వివరాలను చేర్చి దానికి 'వేసవి పడిశం' అన్న అర్థమిచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ప్రజలు మాత్రం దానిని 'హే ఫీవర్' అన్నారు. ఎండుగడ్డి దానికి కారణమన్న జనాభిప్రాయాన్ని బోస్టాక్ అంగీకరించలేదు. వేసవి వేడిమే కారణమని ఆయన భావించాడు.

ఈ సమస్యను ప్రయోగంతో తేల్చినవాడు మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. ఆయన కూడా అదే వ్యాధితో బాధపడినవాడే. గడ్డి పుప్పొడిని తన ముక్కులోకి పీల్చి, గీరిన చర్మంపై రాసి ఫలితాలను నమోదు చేశాడు. జిగురు పూసిన గాజుపలకలను గాలిపటాలకు కట్టి ఎగరవేసి, ఎత్తున ఉన్న గాలిలో సైతం పుప్పొడి ఉందని చూపాడు. 1873లో వెలువడిన ఆయన గ్రంథం హే ఫీవర్‌కు పుప్పొడి కారణమని స్థాపించింది. అంటువ్యాధి వంటి లక్షణాలున్నా ఇది అంటువ్యాధి కాదని దీనితో స్పష్టమైంది. పడిశం, అలర్జీ శాస్త్రంలో వేరుపడిన ఘట్టం ఇది.

'అలర్జీ' అన్న పదాన్ని 1906లో సృష్టించినవాడు వియన్నా శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. గ్రీకులో 'మరొకటి', 'క్రియ' అన్న అర్థాలున్న రెండు పదాలను కలిపి ఆయన ఈ మాట కల్పించాడు. ఒక పదార్థంతో తొలి పరిచయం తరువాత దేహ ప్రతిస్పందన మారిపోవడమే ఆయన దృష్టిలో అలర్జీ. ఆ మార్పు రక్షణగా పరిణమించినా, హానిగా పరిణమించినా ఆ పదం రెండింటికీ వర్తించింది. కాలక్రమంలో ఆ పదం హానికి మాత్రమే పరిమితమైంది.

పిర్కే చేసిన మరొక పరిశీలన ఈ వ్యాసానికి మరింత ముఖ్యం. క్షయవ్యాధి సంక్రమణను గుర్తించడానికి ట్యూబర్‌క్యులిన్ చర్మపరీక్షను రూపొందించిన ఆయన, తట్టు సోకిన పిల్లలలో ఆ పరీక్ష తాత్కాలికంగా పనిచేయకుండా పోతున్నదని 1908లో ప్రకటించాడు. అంతకుముందు చర్మంపై ఎర్రగా పొంగిన ప్రతిస్పందన తట్టు ఉన్న రోజులలో కనిపించలేదు, తరువాత మళ్ళీ వచ్చింది. తట్టు వైరస్‌ను ప్రయోగశాలలో పెంచగలిగింది 1954లోనే. అంటే ఆ వైరస్ చేజిక్కడానికి దాదాపు అర్ధశతాబ్దం ముందే, ఒక సంక్రమణ దేహపు ప్రతిస్పందన శక్తిని మార్చగలదని అలర్జీకి పేరు పెట్టిన వ్యక్తి చూపాడు. అయినప్పటికీ ఈ రెండు పరిశీలనలూ చాలాకాలం రెండు వేర్వేరు శాస్త్రశాఖలలో ఉండిపోయాయి.

3. బాక్టీరియా నుండి వైరస్ వైపు

20వ శతాబ్ది తొలి అర్ధభాగంలో ఉబ్బసానికీ సంక్రమణకూ సంబంధం ఉందని నమ్మిన వైద్యులు అనేకులు. అయితే వారి దృష్టి బాక్టీరియా మీద ఉంది. 1918లో అమెరికన్ వైద్యుడు ఫ్రాన్సిస్ రాకెమన్ 150 మంది ఉబ్బస రోగుల అధ్యయనాన్ని ప్రకటించాడు. బయటి పదార్థాల వల్ల కలిగే ఉబ్బసం ఒక రకమనీ, దేహంలోపలి కారణాల వల్ల కలిగేది మరొక రకమనీ ఆయన చేసిన విభజన తరువాతి వైద్యంపై ప్రగాఢ ప్రభావం చూపింది. లోపలి కారణాలలో దాగి ఉన్న సంక్రమణ ప్రధానమని ఆనాటి విశ్వాసం. ఫలితంగా రోగులకు బాక్టీరియాతో చేసిన టీకాలు ఇచ్చారు, టాన్సిల్స్ తీశారు, పళ్ళు పీకారు. ప్రశ్న సరైనదే అయినా కారకజీవిని గుర్తించడంలో పొరపాటు జరిగింది.

ఈ పొరపాటు సరిదిద్దుకోవడానికి వైరస్‌లను వేరుచేసే సాధనాలు కావలసి వచ్చింది. మానవ ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను 1933లో వేరుచేశారు. 1946లో ఇంగ్లండులోని సాలిస్‌బరీ వద్ద జలుబు పరిశోధన కేంద్రం ఏర్పడి, స్వచ్ఛందంగా వచ్చినవారిపై దశాబ్దాలపాటు ప్రయోగాలు చేసింది. జలుబుకు అత్యంత సాధారణ కారణమైన రైనోవైరస్‌ను 1956లో అమెరికాలో వేరుచేశారు. 1960లో డేవిడ్ టిరెల్ బృందం ముక్కులోని ఉష్ణోగ్రతకు సమీపమైన 33 డిగ్రీల సెల్సియస్ వద్ద దానిని పెంచవచ్చని చూపింది.

ఈ సాధనాలు అందిన తరువాత ఉబ్బసం ఉన్న పిల్లలను వరుసగా నెలల తరబడి గమనించిన అధ్యయనాలు వచ్చాయి. 1973, 1974 సంవత్సరాలలో అమెరికాలో వెలువడిన రెండు అధ్యయనాలు ఉబ్బసం తిరగబెట్టడానికి ముందు కనిపించేది వైరస్ సంక్రమణే కాని బాక్టీరియా సంక్రమణ కాదని తేల్చాయి. అయితే వైరస్‌ను కణాలలో పెంచి గుర్తించే పద్ధతి అనేక సంక్రమణలను కనిపెట్టలేకపోయేది. జన్యుపదార్థాన్ని ఇనుమడింపజేసి గుర్తించే పీసీఆర్ పద్ధతి వచ్చాక ఆ లోటు తీరింది. 1995లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ పరిశోధకులు 9 నుండి 11 ఏళ్ళ వయసున్న 108 మంది పిల్లలను 13 నెలలు గమనించారు. ఉబ్బసం తిరగబెట్టిన సందర్భాలలో 80 నుండి 85 శాతం వరకు వైరస్ దొరికింది. వాటిలో అత్యధికం రైనోవైరస్. వైరస్ ఉబ్బసాన్ని రెచ్చగొడుతుందన్న తొలి భావన దీనితో స్థిరపడింది. కాని అది అప్పటికే ఉబ్బసం ఉన్న పిల్లల విషయం. అసలు ఉబ్బసం ఎందుకు మొదలవుతుందన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం లేదు.

4. మూలకారణంగా వైరస్

ఆ ప్రశ్నకు సమాధానం కోసం పరిశోధకులు పసిపిల్లలవైపు చూశారు. 1956లో అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల నుండి ఒక కొత్త వైరస్‌ను వేరుచేశారు. మరుసటి సంవత్సరమే రాబర్ట్ చానక్ బృందం దానిని శ్వాసవ్యాధితో ఉన్న శిశువులలో గుర్తించింది. దీనికే రెస్పిరేటరీ సిన్‌సీషియల్ వైరస్, సంక్షిప్తంగా ఆర్‌ఎస్‌వి, అని పేరు. శిశువులలో సన్నని శ్వాసనాళికల వాపుకు ప్రధాన కారణం ఇదే.

ఈ వైరస్‌ను అరికట్టడానికి చేసిన తొలి ప్రయత్నం విషాదంగా ముగిసింది. ఫార్మలిన్‌తో నిర్జీవం చేసిన టీకాను 1966–67లో అమెరికాలో శిశువులకు ఇచ్చారు. తరువాత సహజంగా వైరస్ సోకినప్పుడు, ఒక పరీక్షలో టీకా పొంది సంక్రమణకు గురైనవారిలో 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు. పోలిక బృందంలో అది 5 శాతం మాత్రమే. ఇద్దరు శిశువులు మరణించారు. అలర్జీలో కనిపించే కోవకు చెందిన రోగనిరోధక ప్రతిస్పందన ఆ టీకా వల్ల ప్రేరితమైందని తరువాతి జంతుప్రయోగాలు సూచించాయి. ఒక వైరస్‌ను దేహం ఎలా ఎదుర్కోవడం నేర్చుకుంటుందన్నది ఆ వైరస్ స్వభావమంత ముఖ్యమని ఈ దుర్ఘటన తెలియజెప్పింది.

ఈలోగా అలర్జీ రసాయన స్వరూపం వెల్లడైంది. 1966–67లో డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా గుర్తించిన ప్రతిరక్షకానికి 1968లో ఐజీఈ అని నామకరణం జరిగింది. 1981లో అమెరికన్ శిశువైద్యుడు రాబర్ట్ వెలివర్ బృందం ఆర్‌ఎస్‌వి సోకిన శిశువుల ముక్కు స్రావాలలో ఆ వైరస్‌నే లక్ష్యంగా చేసుకున్న ఐజీఈని కనుగొంది. పిల్లికూతలు వచ్చిన శిశువులలో దాని పరిమాణం ఎక్కువగా ఉంది. పుప్పొడికి ప్రతిస్పందించినట్లే దేహం వైరస్‌కు కూడా ప్రతిస్పందించగలదన్నమాట.

స్వీడన్‌లోని బొరోస్ పట్టణంలో జరిగిన దీర్ఘకాల అధ్యయనం ఈ వాదాన్ని బలపరిచింది. ఆర్‌ఎస్‌వి వల్ల శ్వాసనాళికల వాపుతో ఆసుపత్రిలో చేరిన 47 మంది శిశువులను, 93 మంది ఇతర శిశువులతో పోల్చారు. ఏడున్నరేళ్ళ వయసులో మొదటి బృందంలో 30 శాతం మందికి ఉబ్బసం ఉండగా, రెండవ బృందంలో 3 శాతం మందికే ఉంది. కాని అమెరికాలోని టూసాన్ నగరంలో ఆసుపత్రి పాలు కాని పిల్లలను గమనించినప్పుడు, ఆర్‌ఎస్‌వి వల్ల కలిగిన అదనపు ప్రమాదం వయసుతోపాటు తగ్గి 13 ఏళ్ళకు కనుమరుగైంది. 2013లో నెదర్లాండ్స్‌లో నెలలు నిండని శిశువులకు ఆర్‌ఎస్‌వి ప్రతిరక్షకాన్ని ఇచ్చి చూడగా తొలి ఏడాదిలో పిల్లికూతల రోజులు 61 శాతం తగ్గాయి. అదే పిల్లలను ఆరేళ్ళ వయసులో పరీక్షించినప్పుడు ఊపిరితిత్తుల పనితీరులో తేడా కనిపించలేదు. తొలినాళ్ళ పిల్లికూతలకు వైరస్ కారణమన్నది దీనితో రూఢి అయింది. శాశ్వతమైన ఉబ్బసానికి అదొక్కటే కారణమన్న వాదం మాత్రం నిలబడలేదు.

5. రక్షణగా సంక్రమణ: పరిశుభ్రత పరికల్పన

వైరస్‌ను దోషిగా నిలబెట్టే ప్రయత్నం సాగుతుండగానే పూర్తిగా విరుద్ధమైన భావన ఒకటి తలెత్తింది. 1989లో డేవిడ్ స్ట్రాకన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాలను విశ్లేషించి, ఇంట్లో అన్నలు, అక్కలు ఎంత ఎక్కువమంది ఉంటే హే ఫీవర్ అంత తక్కువగా ఉందని చూపాడు. తోబుట్టువుల ద్వారా పసితనంలో సోకే సంక్రమణలు అలర్జీని నివారిస్తుండవచ్చని సూచించాడు. కుటుంబాలు చిన్నవి కావడం, ఇళ్ళు శుభ్రపడటం అలర్జీల పెరుగుదలకు కారణం కావచ్చన్నది ఆ సూచన సారాంశం.

ఈ పరికల్పనకు అప్పటికే ఒక సిద్ధాంతం సిద్ధంగా ఉంది. 1986లో మోస్‌మన్, కాఫ్‌మన్ సహాయక టి కణాలలో రెండు తరగతులు ఉన్నాయని చూపారు. మొదటి తరగతి వైరస్‌లను ఎదుర్కొనే ప్రతిస్పందనకు, రెండవ తరగతి ఐజీఈ తయారీకి తోడ్పడతాయి. ఇవి త్రాసులోని రెండు తట్టల వంటివనీ, పసితనంలో సంక్రమణలు లేకపోతే త్రాసు అలర్జీవైపు మొగ్గుతుందనీ చాలామంది విశ్వసించారు. జర్మనీ ఏకీకరణ తరువాత ఎరికా ఫాన్ ముటియస్ జరిపిన పోలిక ఈ విశ్వాసానికి ఊతమిచ్చింది. గాలి కాలుష్యం ఎక్కువగా ఉన్న తూర్పు జర్మనీ నగరాలలో కంటే పశ్చిమాన ఉన్న మ్యూనిక్‌లోనే హే ఫీవర్ ఎక్కువగా కనిపించింది.

ఈ వాదంలో అత్యంత సున్నితమైన ఘట్టం తట్టుకు సంబంధించినది. 1996లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం పశ్చిమాఫ్రికాలోని గినీ-బిస్సావులో కౌమారవయస్కులను పరిశీలించింది. తట్టు సోకిన 133 మందిలో 12.8 శాతం మందికి, తట్టు సోకకుండా టీకా పొందిన 129 మందిలో 25.6 శాతం మందికి చర్మపరీక్షలో అలర్జీ లక్షణం కనిపించింది. తట్టు అలర్జీని సగానికి తగ్గిస్తుందన్న అర్థం ఈ అంకెల నుండి సులభంగా తీయవచ్చు. టీకాలను వ్యతిరేకించేవారికి ఇటువంటి అర్థం ఆయుధమవుతుంది. కాని తట్టు మరణాలు అధికంగా ఉన్న సమాజంలో ఆ వ్యాధి నుండి బతికి బయటపడినవారు మాత్రమే ఆ లెక్కలోకి వచ్చారు. మరణించిన పిల్లలకు అలర్జీ ఉండేదో లేదో ఏ పరీక్షా చెప్పలేదు. 2000లో ఫిన్లండ్‌లో 5,47,910 మందిని పరిశీలించిన అధ్యయనం దీనికి విరుద్ధమైన ఫలితాన్నిచ్చింది. అక్కడ తట్టు వచ్చినవారిలోనే ఉబ్బసం, అలర్జీ జలుబు, గజ్జి తరహా చర్మవ్యాధి ఎక్కువగా కనిపించాయి. తట్టు వల్ల కలిగే నష్టం ఎంతటిదో 2019లో మరింత తేటతెల్లమైంది. నెదర్లాండ్స్‌లో టీకా పొందని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందు, తరువాత పరీక్షించగా, ఇతర వ్యాధులకు వ్యతిరేకంగా దేహం అంతవరకు కూడబెట్టుకున్న ప్రతిరక్షకాలలో 11 నుండి 73 శాతం వరకు తుడిచిపెట్టుకుపోయాయి. 1908లో పిర్కే చర్మంపై చూసినది, ఒక వైరస్ దేహపు జ్ఞాపకాన్ని కలచివేయగలదన్న సత్యానికి తొలి ఛాయ అని చెప్పవచ్చు.

రక్షణ భావనకు మరొక ఆధారం ఇటలీ నుండి వచ్చింది. 1997లో పావొలో మాత్రికార్ది బృందం వాయుసేన పాఠశాలలోని 1,659 మంది యువకుల రక్తాన్ని పరీక్షించింది. హెపటైటిస్-ఎ కామెర్లు గతంలో సోకిన గుర్తులున్నవారిలో 21.9 శాతం మందికి, ఆ గుర్తులు లేనివారిలో 30.2 శాతం మందికి అలర్జీ లక్షణం ఉంది. 2000లో అదే బృందం మరింత లోతుగా పరిశీలించింది. ఆహారం, మలం ద్వారా వ్యాపించే సూక్ష్మజీవులకు అలర్జీ తగ్గుదలతో సంబంధం కనిపించింది. తట్టు, గవదబిళ్ళలు, ఆటలమ్మ వంటి గాలి ద్వారా వ్యాపించే వైరస్‌లకు అటువంటి సంబంధం కనిపించలేదు. ఈ రెండవ ఫలితం ముఖ్యమైనది. 'సంక్రమణ' అన్న ఒకే గంపలో అన్నింటినీ వేయకూడదని అది హెచ్చరించింది.

హెపటైటిస్-ఎ వైరస్ నిజంగా రక్షించిందా, లేక అపరిశుభ్రమైన జీవన పరిస్థితులకు అది గుర్తు మాత్రమేనా అన్న సందేహం మిగిలింది. 2003లో అమెరికన్ పరిశోధకులు ఆ వైరస్‌కు గ్రాహకంగా భావించిన టిమ్-1 ప్రోటీన్‌లోని ఒక జన్యుభేదం, ఆ వైరస్ సోకినవారిలో మాత్రమే అలర్జీ నుండి రక్షణతో ముడిపడి ఉందని ప్రకటించారు. వైరస్ కణంలోకి ప్రవేశించడానికి టిమ్-1 అనివార్యం కాదని తరువాతి ప్రయోగాలు చూపడంతో ఆ వివరణ బలహీనపడింది. పైగా హెపటైటిస్-ఎ దేహంలో శాశ్వతంగా నిలిచేది కాదు, కొన్ని వారాలలో తొలగిపోతుంది. త్రాసు సిద్ధాంతం కూడా నిలవలేదు. పేగుల్లోని పురుగులు అలర్జీ తరహా ప్రతిస్పందననే బలంగా రేపుతాయి, అయినా అవి ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో అలర్జీలు అధికం కాలేదు. త్రాసులో మొదటి తట్టకు చెందిన బాల్య మధుమేహం వంటి వ్యాధులు కూడా సంపన్న దేశాలలో అలర్జీలతోపాటే పెరిగాయి. తూకం సంగతి కంటే, ప్రతిస్పందనను అదుపుచేసే కణాల శిక్షణ ముఖ్యమన్న అవగాహన క్రమంగా బలపడింది.

6. అలర్జీ నుండి వైరస్ వైపు

వైరస్ అలర్జీని ఏం చేస్తుందన్న ప్రశ్న చుట్టూనే అంతవరకు పరిశోధన తిరిగింది. 21వ శతాబ్ది తొలి దశకాలలో ఆ ప్రశ్నను తిరగవేసి, అలర్జీ వైరస్‌పై పోరాటాన్ని ఏం చేస్తుందని అడిగారు. 2005లో ఇంగ్లండ్ పరిశోధకులు ఉబ్బస రోగుల శ్వాసనాళ ఉపకళా కణాలు రైనోవైరస్ సోకినప్పుడు తగినంత ఇంటర్‌ఫెరాన్‌ను తయారు చేయలేకపోతున్నాయని చూపారు. వైరస్‌కు తొలి అడ్డుకట్ట అయిన ఆ పదార్థం కొరవడటంతో సామాన్యమైన జలుబు కూడా వారిలో తీవ్రమవుతుంది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టుక నుండి పిల్లలను గమనించిన అధ్యయనం ఈ కోణాన్ని విస్తరించింది. తొలి మూడేళ్ళలో రైనోవైరస్‌తో పిల్లికూతలు వచ్చిన పిల్లలకు ఆరేళ్ళకు ఉబ్బసం ఉండే సంభావ్యత దాదాపు పదిరెట్లు ఎక్కువని 2008లో తేలింది. ఆర్‌ఎస్‌వి విషయంలో అది రెండున్నర రెట్లకు కాస్త పైన. అయితే 2012లో అదే బృందం కాలక్రమాన్ని పరిశీలించగా, అలర్జీ స్వభావం ముందుగా ఏర్పడి, తరువాత రైనోవైరస్ పిల్లికూతలు వస్తున్నాయని, దానికి విపర్యయంగా కాదని స్పష్టమైంది.

ఈ అవగాహనకు చికిత్స ద్వారా రుజువు లభించింది. అమెరికన్ నగరాలలోని ఉబ్బస పిల్లలకు ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ మందు ఇచ్చినప్పుడు, ఏటా శరత్కాలంలో జలుబులతోపాటు విజృంభించే ఉబ్బసం దాదాపు తగ్గిపోయిందని 2011లో వెల్లడైంది. ఆ మందు తీసుకున్నవారి కణాలలో రైనోవైరస్‌కు ప్రతిగా ఇంటర్‌ఫెరాన్ తయారీ మెరుగుపడిందని 2015 నాటి అధ్యయనం చూపింది. ఆ మందు వైరస్‌ను చంపేది కాదు. అలర్జీని అదుపుచేయగా వైరస్ దాడి కూడా బలహీనపడింది. ఈ దారి రెండువైపులా నడిచేదని దీనివల్ల తెలిసింది.

7. దేహంలో నిలిచిపోయే వైరస్‌లు

ఇంతవరకు ప్రస్తావనకు వచ్చినవి ప్రధానంగా వచ్చి పోయే వైరస్‌లు. వీటికి భిన్నంగా, ఒకసారి ప్రవేశించాక జీవితాంతం దేహంలో గుప్తంగా నిలిచే వైరస్‌లు ఉన్నాయి. హెర్పిస్ కుటుంబం వీటిలో ముఖ్యమైనది. 1964లో ఎప్‌స్టైన్, ఆచాంగ్, బార్ కనుగొన్న ఎప్‌స్టైన్-బార్ వైరస్ ప్రపంచంలోని వయోజనులలో 90 శాతానికి పైగా మందిలో ఉంది. ప్రతిరక్షకాలను తయారుచేసే బి కణాలే దాని నివాసం. వర్ధమాన దేశాలలో ఇది సాధారణంగా పసితనంలోనే, ఏ లక్షణాలూ లేకుండా సోకుతుంది. సంపన్న దేశాలలో చాలామందికి కౌమారంలో సోకి జ్వరం, గొంతునొప్పి, గ్రంథుల వాపులతో బయటపడుతుంది. ఒకే వైరస్ వయసునుబట్టి వేర్వేరుగా ప్రవర్తించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

2005లో స్వీడన్‌లోని స్టాక్‌హోం పరిశోధకులు, రెండేళ్ళలోపు ఈ వైరస్ సోకిన పిల్లలలో ఐజీఈ సంబంధమైన అలర్జీ స్వభావం తక్కువగా ఉందని ప్రకటించారు. తరువాతి సంవత్సరాలలో అదే పిల్లలపై సాగిన పరిశీలన కూడా ఆ వయోభేదాన్ని సమర్థించింది. అయితే ఇతర చోట్ల జరిగిన అధ్యయనాలన్నీ ఇదే ఫలితాన్నివ్వలేదు. మనుషులలో పరిశీలన ద్వారా సహసంబంధాన్ని మాత్రమే చూపగలం. కారణాన్ని తేల్చడానికి జంతుప్రయోగం అవసరమైంది.

ఆ దిశలో రెండు విరుద్ధ ఫలితాలు వెలువడ్డాయి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మైకేల్ హోల్ట్జ్‌మన్ బృందం ఎలుకలకు ఒక్కసారి సెండాయ్ వైరస్ సోకించింది. వైరస్ తొలగిపోయిన ఎంతోకాలం తరువాత కూడా వాటి శ్వాసనాళాలలో కఫం, అతిస్పందన కొనసాగాయి. సంక్రమణ తీరినా, అది మేల్కొలిపిన సహజ రోగనిరోధక ప్రతిస్పందన నిద్రపోలేదని 2008 నాటి వారి వ్యాసం వివరించింది. వైరస్ ఉనికి తాత్కాలికమే అయినా దాని పర్యవసానం దీర్ఘకాలికమైంది.

అదే నగరంలో 2007లో మరొక బృందం, హెర్పిస్ కుటుంబపు వైరస్ గుప్తంగా ఉన్న ఎలుకలు కొన్ని బాక్టీరియా వ్యాధులను తట్టుకున్నాయని చూపి, గుప్త సంక్రమణను ఒక రకమైన సహజీవనంగా భావించవచ్చని సూచించింది. 2017లో బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ భావనను శ్వాసకోశ అలర్జీకి అన్వయించారు. ఎప్‌స్టైన్-బార్ వైరస్‌కు దూరపు బంధువైన, ఎలుకలలో జీవించే ఒక హెర్పిస్ వైరస్‌ను ముందుగా సోకించి, ఆ తరువాత ఇంటిధూళిలోని సూక్ష్మకీటకాల పదార్థంతో ఉబ్బసాన్ని కలిగించే ప్రయత్నం చేశారు. వైరస్ సోకిన ఎలుకలలో ఉబ్బసం ఏర్పడలేదు. దీనికి వారు చూపిన కారణం గమనార్హం. వైరస్ దాడిలో ఊపిరితిత్తుల వాయుగోణులలో ఉండే భక్షక కణాలు నశించాయి. వాటి స్థానంలోకి ఎముకమజ్జ నుండి కొత్త కణాలు వచ్చి స్థిరపడ్డాయి. అలర్జీ ప్రతిస్పందనకు ఆజ్ఞ ఇచ్చే కణాలను ఈ కొత్త కణాలు అదుపులో ఉంచాయి. ఇల్లు అదే అయినా కావలివారు మారారు. అందుకే అదే ధూళికి ఆ ఇల్లు వేరుగా స్పందించింది.

ఈ ఫలితాన్ని మనుషులకు నేరుగా వర్తింపజేయలేము. పరిశోధనశాల ఎలుక పుట్టినప్పటి నుండి పరిశుభ్రమైన పంజరంలో పెరుగుతుంది. మనిషి పసితనం నుండి అనేక వైరస్‌లతో సహవాసం చేస్తాడు. అయినా ఈ ప్రయోగం ఒక విషయాన్ని స్థాపించింది. వైరస్‌కూ అలర్జీకీ మధ్య సంబంధం రక్తంలో తేలియాడే ప్రతిరక్షకాలకే పరిమితం కాదు, ఊపిరితిత్తిలో నివసించే కణాల వంశక్రమం కూడా అందులో పాలుపంచుకుంటుంది. పిర్కే ఇచ్చిన 'మారిన ప్రతిస్పందన' అన్న మూలార్థానికి ఇది శతాబ్దం తరువాత లభించిన కణస్థాయి రూపం.

8. భారతీయ సందర్భం

1998లో 56 దేశాలలో 13–14 ఏళ్ళ పిల్లలపై జరిగిన అంతర్జాతీయ అధ్యయనంలో ఉబ్బస లక్షణాలు బ్రిటన్, న్యూజీలాండ్, ఆస్ట్రేలియాలలో అత్యధికంగా, భారతదేశం వంటి దేశాలలో తక్కువగా నమోదయ్యాయి. హెపటైటిస్-ఎ, ఎప్‌స్టైన్-బార్ వంటి వైరస్‌లు భారతదేశంలో చిరకాలంగా బాల్యంలోనే సోకుతూ వచ్చాయి. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టి, మొదటిదానికి రెండవది కారణమని చెప్పే ఆకర్షణ బలమైనది. ఆ తర్కానికి లొంగితే జరిగే నష్టం స్వల్పం కాదు. మంచినీటి, మరుగుదొడ్ల సౌకర్యాలు మెరుగైన వర్గాలలో హెపటైటిస్-ఎ పెద్ద వయసులో సోకుతోంది. ఆ వయసులో అది మరింత తీవ్రంగా ఉంటుంది. అందుకు విరుగుడు టీకా, శుభ్రమైన నీరే కాని కలుషితమైన నీటికి తిరిగి వెళ్ళడం కాదు. లీజ్ ప్రయోగం వెలువడిన 2017లోనే, ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో తొమ్మిది నెలల నుండి పదిహేనేళ్ళలోపు పిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైంది. తట్టు రక్షిస్తుందన్న పాత వాదం ఎంతటి సన్నని ఆధారంపై నిలిచిందో తెలిసినవారికి ఆ కార్యక్రమ ప్రాధాన్యం వేరుగా చెప్పనవసరం లేదు.

9. ముగింపు

పై పరిశీలన నుండి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. వైరస్ అలర్జీని రెచ్చగొడుతుంది, కలిగిస్తుంది, నివారిస్తుంది అన్న మూడు వాదాలలో ప్రతిదానికీ కొంత నిజమైన ఆధారం ఉంది. వాటి మధ్య వైరుధ్యం చాలావరకు వేర్వేరు వైరస్‌లను, వేర్వేరు వయసులను ఒకటిగా భావించడం వల్ల ఏర్పడింది.

2. సాధనాలు మారినప్పుడల్లా సమాధానం మారింది. గాలిపటానికి కట్టిన గాజుపలక, 33 డిగ్రీల వద్ద పెంచిన కణాలు, పీసీఆర్, జన్మ నుండి సాగిన దీర్ఘకాల పరిశీలన ఒక్కొక్కటి అంతకుముందు కనిపించని దానిని చూపాయి.

3. ఒకేసారి రక్తం తీసి చేసే పరీక్షలు గత సంక్రమణను చెప్పగలవు గాని ఏది ముందో, ఏది వెనుకో చెప్పలేవు. విస్కాన్సిన్ అధ్యయనం ఈ కాలక్రమాన్ని ఛేదించడం వల్లనే అలర్జీ ముందు, పిల్లికూతలు తరువాత అన్న విషయం వెల్లడైంది.

4. దీర్ఘకాలిక, గుప్త సంక్రమణలు ఊపిరితిత్తి కణాల కూర్పునే మార్చగలవు. సెండాయ్ వైరస్ ప్రయోగంలో ఆ మార్పు వ్యాధిగా, లీజ్ ప్రయోగంలో రక్షణగా పరిణమించింది. కాబట్టి 'దీర్ఘకాలిక సంక్రమణ' అన్న మాట తనంతట తాను మంచినీ సూచించదు, చెడునూ సూచించదు.

5. రక్షణ యంత్రాంగాన్ని అర్థం చేసుకోవడం, వ్యాధిని ఆహ్వానించడం ఒకటి కావు. కావలి కణాలకు శిక్షణ ఇచ్చే విధానాన్ని వైరస్ నుండి నేర్చుకుని, దానిని వ్యాధి లేకుండా సాధించడమే ఈ పరిశోధన చివరి గమ్యం.

పడిశం పది రోగాల పెట్టు అన్న సామెత బాధకు కొలత చెప్పింది. అదే పడిశం ఒక బిడ్డకు రెండు రోజుల తుమ్ములతో పోయి, మరొక బిడ్డకు ఆయాసంగా ఎందుకు మారుతుందన్న ప్రశ్నను మాత్రం తరువాతి తరాలకు వదిలింది. ఆ ప్రశ్నకు సమాధానం వైరస్‌లోనే లేదు, బిడ్డలోనే లేదు. ఆ రెండూ ఏ వయసులో, ఏ స్థితిలో కలిశాయన్న దానిలో ఉంది.